తీపాకుకు కట్టిన మేక

గుమ్మఘట్ట,
19 జూన్ 2005

సరళా,

మంచి మాట ముందు చెప్పేస్తాను. నాకు మూడో నెల. పెళ్లయిన ఎనిమిదేళ్లకు! ఈ సంగతి విన్న మీ చిన్నాయన బోరు మోటారు ఆపడం మరిచిపోయి ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. చేనంతా నీళ్లు నిలిచాయి. ఈ కరువులో అన్ని నీళ్లు వృథా అయినా మీ అవ్వ ఒక్క మాట అనలేదు. నాకు అదే వింతగా తోచింది.

రాయదుర్గంలో రక్తం పరీక్ష చేసి షుగర్ ఉందన్నారు. చక్కెర వద్దు, బెల్లం వద్దు. నాకేమో నిద్రలేచింది మొదలు తీపి మీదే బయకె, వేవిళ్ల కోరిక. ఈసారి మీ చిన్నాయన బోరు కింద వేరుశనగ మాని స్టీవియా వేశాడని నీకు తెలుసుగా. మేం తీపాకు అంటున్నాం. ఆకు కొంటామన్న కంపెనీ మనిషి బళ్ళారి నుంచి వచ్చి, "చక్కెర కంటే ఎన్నో రెట్లు తీపి, షుగరున్నవాళ్లు కూడా తినొచ్చు" అని చెప్పి పోయాడు. అప్పటి నుంచి మీ అవ్వ ఆ ఆకు ఎండబెట్టి, గుప్పెడు వేసి మరగబెట్టి, నా కాఫీలో పోస్తోంది.

"తాగమ్మే. దీంట్లో చక్కెర లేదు. నోరు సప్పగా పెట్టుకోని ఎన్నాళ్లుంటావు?" అంటుంది.

సరళా, నువ్వు ఆ ఇంట్లోనే పెరిగావు, ఆమె నీకు అవ్వ. నాకు మాత్రం అత్త. రెండేళ్ల కిందట నాకు పిల్లలు పుట్టరని మీ చిన్నాయనకు ఇంకో పిల్లను చూడమని తన అన్నకు కబురు పంపిన మనిషి ఆమె. ఇప్పుడింత ప్రేమ ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ఆకు ఏమిటో, కడుపుతో ఉన్నవాళ్లు తాగవచ్చో లేదో నీ పుస్తకాల్లో చూసి రాయి. హైదరాబాదులో తిండి గురించే కదా చదువుతున్నావు. ఆమెకు మాత్రం తెలియనివ్వకు.

మీ చిన్నమ్మ
భారతి

&nbsp;

హైదరాబాదు,
27 జూన్ 2005

చిన్నమ్మా, చిన్నమ్మా!

నీ ఉత్తరం హాస్టల్ మెట్ల మీదే చదివి గట్టిగా అరిచాను. వార్డెన్ బయటికి వచ్చి చూసింది. మూడో నెల! ఈ మాట ఎంత బాగుందో. ఈ మధ్య నాకు మాటల పిచ్చి పట్టింది. గ్రంథాలయంలో నిఘంటువు తీసి ఒక్కో మాటనూ నాలుక మీద పెట్టుకుని చూస్తున్నాను. తీపికే ఎన్ని మాటలున్నాయో తెలుసా? నాకు అన్నింటికంటే 'తియ్యందనం' నచ్చింది.

ఇంకో విచిత్రం. ఈ ఏడు మా మేడం నాకిచ్చిన సెమినార్ అంశం ఏమిటో ఊహించు. 'మొక్కల నుంచి తీసి ఆహారంలో కలిపే తీపి పదార్థాలు: భద్రతను అంచనా కట్టడం.' నీ తీపాకే! వెంటనే పాత పత్రికలన్నీ తిరగేశాను. అసలు ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని పరాగ్వే. అక్కడ కొందరు ఆడవాళ్లు కడుపు రాకుండా ఉండటానికి ఈ ఆకు కషాయం తాగేవారని రాశారు. 1968లో ఎలుకలకు ఆ కషాయం పట్టి చూస్తే పుట్టిన పిల్లల సంఖ్య బాగా పడిపోయిందట. ఎంత ఆసక్తికరమైన సంగతో చూడు! మన దేశంలో దీన్ని తిండిలో కలపడానికి ఇంకా అనుమతి లేదు. ఇంకా చదవాల్సింది చాలా ఉంది. ఈలోగా పోస్టు వేళయింది.

చిన్నాయనను మోటారు ఆపమని చెప్పు. అవ్వకు నా ముద్దులు.

నీ
సరళ

&nbsp;

గుమ్మఘట్ట,
8 జూలై 2005

సరళకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి మీ చిన్నాయన ముందు బిగ్గరగా చదివాను. 'కడుపు రాకుండా ఉండటానికి' దగ్గర ఆపి ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను.

ఆయన నేరుగా మేకల మందలోకి పోయి మీ అవ్వను అడిగాడు. ఆమె మేకలను వదిలేసి ఇంటికొచ్చింది. ఆ కేకలు బజారంతా విన్నారు.

"నేనేమన్నా ఇసం పెడతాండానా నీకి? కంపెనీవాడు చెప్పింటే చేసినా. నీ నోరు చూడలేక చేసినా!"

"నా నోరు ఎనిమిదేండ్లు కనపడలేదా అత్తా నీకి?" అన్నాను నేను కూడా.

"ఆ సరళ అక్షరాలు నేర్చింది నా వీపు మీద కూర్చోని. ఇప్పుడు నా మీదనే రాస్తాండాదా?"

తర్వాత ఆమె చేసిన పని విను. మన మేకలవాళ్ల పద్ధతి నీకు గుర్తుండే ఉంటుంది. కరువులో ఎక్కడి నుంచో లారీలో గడ్డి వస్తే, వాడిన లేతజొన్న మేపాల్సి వస్తే, ముందు ఒక మేకను వేరే కట్టి దానికి మాత్రమే వేసి చూస్తారు. అది బాగుంటేనే మందకు. మీ అవ్వ, "ఆకును మేకకు పెట్టి చూపిస్తా. నా మీద ఏం ప్రేమలే దానికి, అబద్ధం చెప్పేకి!" అంది. అడిగింది కడుపు సంగతి కాబట్టి చూడిమేకే కావాలంది. తన మందలోని దాన్ని మాత్రం పెట్టనంది. రాయదుర్గం సంతకు పోయి ఒక చూడిమేకను తెచ్చి, మన పెరటి గుంజకు కట్టింది. రోజూ రెండు పూటలా దాని ముందు తీపాకు వేస్తోంది.

తన మేక పోకూడదు, పరాయి మేక పోతే ఫరవాలేదు. నేను కూడా పరాయిదాన్నే కదా?

కాఫీ మానేశాను. పెరట్లో అది నన్ను చూస్తుంది, నేను దాన్ని చూస్తాను.

భారతి

&nbsp;

హైదరాబాదు,
16 జూలై 2005

చిన్నమ్మకు,

నేను సగం చదివి రాశాను. మిగతా సగం ఇప్పుడు రాస్తాను, దయచేసి చివరిదాకా చదువు.

ఆ పాత ప్రయోగంలో ఎలుకలకు పట్టింది చాలా చిక్కటి కషాయం. వాటి ఒంటి బరువుతో పోలిస్తే అంత మనిషి తాగలేడు. పైగా తర్వాత వేరే దేశాల వాళ్లు అదే ప్రయోగం మళ్లీ చేస్తే పిల్లలు తగ్గలేదు. ఒకరికి కనపడింది ఇంకొకరికి కనపడకపోతే దాన్ని నిజమని రాసుకోకూడదని మేడం గట్టిగా చెప్పింది.

భద్రతను ఎలా లెక్క కడతారో చెబుతాను. జంతువులకు కొంచెం కొంచెంగా పెంచుతూ పెట్టి, ఏ కీడూ కనపడని మోతాదు ఎంతో చూస్తారు. దాన్ని మామూలుగా వందతో భాగిస్తారు. ఎందుకు వంద? ఎలుక మనిషి కాదు గనుక ఒక పది, మనుషులందరూ ఒకే తీరుగా ఉండరు గనుక ఇంకో పది. ఈ పద్ధతి చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. ఎవరో ఎరగని మనుషుల కోసం అంత జాగ్రత్త పడ్డారు. పోయిన ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఈ తీపిని తాత్కాలికంగా ఒప్పుకున్నారు, ఇంకా పరీక్షలు కావాలన్నారు. అయితే వాళ్లు ఒప్పుకున్నది శుద్ధి చేసిన పొడిని. ఆకును కాదు.

కాబట్టి కాఫీ మానడం మంచిదే. కానీ అవ్వ నీకు కీడు తలపెట్టిందని అనుకోవద్దు. ఆమెకు పరాగ్వే ఎక్కడుందో తెలియదు.

సరళ

&nbsp;

గుమ్మఘట్ట,
11 ఆగస్టు 2005

సరళకు,

మొదటి ఉత్తరంలో ఒక మాట, రెండో దాంట్లో ఇంకో మాట. నడుమ నీకు ఎవరు నేర్పారు? మీ అవ్వ యేసన్న ఫోను బూతుకు పోయి నీకు ఫోను చేయించిందని విన్నాను. నిజం చెప్పు.

నువ్వు ఎన్ని వందలతో భాగించినా, పెరట్లో జరిగింది ఇది. సంత మేక నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. చచ్చిన పిల్లను వేసింది. అప్పుడు మీ అవ్వ మందలో, ఆయన చేన్లో. నేనే చేతులతో ఎత్తి, గుంత తీసి పూడ్చి, బండ కడిగాను. కడుగుతూ ఏడ్చాను. అత్తను అనుమానించానని అందరూ నాదే తప్పన్నారు, ఇప్పుడు చూశారా అని ఎవరికి చెప్పను?

మీ అవ్వ వచ్చి గుంజ దగ్గర నిలబడింది. తర్వాత "ఇంగ ఆ ఆకు ఇంట్లోకి తేవద్దు" అని మీ చిన్నాయనతో అంది. అంతే.

నేనిప్పుడు ఆమె పొయ్యి మీద పెట్టింది ఏదీ ముట్టడం లేదు. నా అన్నం నేనే వండుకుంటున్నాను. పాలు కూడా మేక దగ్గర కూర్చుని నా చేత్తో పిండుకుని, ఆ వెచ్చదనంతోనే అక్కడే తాగేస్తున్నాను. పొయ్యెక్కితే ఎవరు ఏం కలుపుతారో! పొదుగు నుంచి నా గ్లాసులోకి వచ్చే దారిలో ఎవరి చేయీ లేదు.

భారతి

&nbsp;

హైదరాబాదు,
20 ఆగస్టు 2005

చిన్నమ్మకు,

అవ్వ ఫోను చేసిన మాట నిజమే. బూతులో లైను సరిగా లేక గరగరమంది. ఆమె అడిగింది ఒక్కటే: "ఆ పిల్ల తినేకి ఏమన్నా తీపి ఉంటే చెప్పు, మంచిదేనని నువ్వు చెప్పిందే పెడతా." నేను తెలియదన్నాను. నీకు ఈ సంగతి రాస్తే నమ్మవని రాయలేదు.

మేక గురించి కొన్ని ప్రశ్నలు అడుగుతాను, కోప్పడకు. మా మేడం అడగమంది. ఒక మేకకు ఆకు పెట్టి అది ఈసుకుపోతే, ఆకు వల్లనే అని ఎలా తెలుస్తుంది? పక్కన ఆకు పెట్టని ఇంకో చూడిమేక ఉందా? అదేమైంది? ఆ సంత మేక ముందు ఎవరి మందలో ఉండేది? అక్కడ మిగతా మేకలు సరిగా ఈనాయా? మన మందలో ఎలా ఉంది? దేన్నీ వదలకుండా రాయి.

సరళ

&nbsp;

గుమ్మఘట్ట,
25 సెప్టెంబరు 2005

సరళకు,

జవాబు రాయకూడదని అనుకున్నాను. రాయకుండా ఉండలేకపోతున్నాను.

మన మందలో మూడు మేకలు ఈసుకుపోయాయి. ఒకదాని తర్వాత ఒకటి, ఈ నెలలోనే. వాటికి ఎవరూ ఆకు పెట్టలేదని మీ చిన్నాయన ఒట్టు వేస్తున్నాడు. నాకు నమ్మకం లేదు. పెరట్లో మిగిలిన ఆకు చెత్తను మీ అవ్వ మందకు పారబోసి ఉంటుంది. సంత మేకను కూడా ఇప్పుడు మందలోనే కలిపింది. ఆమెను అడిగితే, "నీ ఏడుపే నా మందకు తగిలింది" అంది.

"నా ఏడుపుకే మేకలు పోతే, ఎనిమిదేండ్లలో ఊర్లో ఒక్క మేక మిగిలేది కాదు అత్తా" అన్నాను.

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. నాకూ వచ్చింది. తర్వాత ఇద్దరం మొహాలు తిప్పుకున్నాం.

అది పోనీ. నాకు ఒంట్లో బాగుండటం లేదు. పొద్దుగూకేసరికి జ్వరం వస్తుంది, తెల్లారేసరికి చెమటతో చీర తడిసిపోయి తగ్గుతుంది. నడుము, మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఎప్పుడో జూన్‌లో తాగిన ఆ ఆకే లోపల పనిచేస్తోందా? అంత కాలం ఉంటుందా? బిడ్డ కదులుతోంది. నిన్న కొంచెం తక్కువ కదిలింది. సరళా, నీ మీద కోపమంతా తీసేశాను, నిజం రాయి. ఈ బిడ్డ నాకు దక్కుతుందా?

చిన్నమ్మ

&nbsp;

హైదరాబాదు,
30 సెప్టెంబరు 2005

చిన్నమ్మా,

ఈ ఉత్తరం కంటే ముందే నా ఫోను అంది ఉంటుంది. అందకపోతే, ఇది చదివిన వెంటనే బయలుదేరు.

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని పశువైద్య కాలేజీలో మా సీనియర్ కల్పన దగ్గరికి పోయాను. 'మూడు ఈసుకుపోయాయి' అనగానే ఆమె లేచి నిలబడింది. 'జ్వరం, చెమట' అనగానే "ఆమె పాలు కాచి తాగుతోందా?" అని అడిగింది. నీ ఆగస్టు ఉత్తరం గుర్తొచ్చి, పచ్చివే తాగుతోందని చెప్పాను.

మేకలకు ఒక అంటు జబ్బు ఉంది. దాని పేరు కింద పెద్ద అక్షరాలతో రాశాను, డాక్టరుకు చూపించు. చూడిమేకలు ఈసుకుపోవడమే దాని గుర్తు. జబ్బు మేక ఈసుకుపోయినప్పుడు ఉత్త చేతులతో ముట్టుకుంటే మనిషికి అంటుతుంది. పచ్చిపాలతోనూ అంటుతుంది. కడుపుతో ఉన్నవాళ్లకు అది మంచిది కాదు, కానీ మందు ఉంది. ఆలస్యం చేయకూడదు. సంత నుంచి వచ్చిన మేకే దీన్ని తెచ్చి ఉండవచ్చని కల్పన అనుమానం. తీపాకుకూ దీనికీ సంబంధం కనపడటం లేదంది.

రాయదుర్గంలో ఆగవద్దు, అనంతపురం పెద్దాసుపత్రికి పో. ఈసుకుపోయిన వాటిని ఎత్తావని, పచ్చిపాలు తాగావని నీ నోటితో చెప్పు. నువ్వు చెప్పకపోతే వాళ్లకు తట్టకపోవచ్చు. పాలు పొంగేదాకా కాచకుండా ఇంట్లో ఎవరూ తాగకండి. అవ్వను కూడా వెంట తీసుకుపో, ఆమెకు కూడా రక్తం పరీక్ష చేయించాలి.

బ్రూసెల్లోసిస్

సరళ

&nbsp;

గుమ్మఘట్ట,
17 అక్టోబరు 2005

సరళా,

ఫోను అందింది. యేసన్న బూతును తెరిచింది తెరిచినట్టే వదిలి, చెప్పులు కూడా లేకుండా వచ్చాడు. "అక్కా, హైదరాబాదు నుంచి మీ సరళ. పాలు తాగొద్దంట, పాలు తాగొద్దంట!" అని బజారు మొదటి నుంచే అరుస్తున్నాడు. ఊరంతా ఆ పూట పాలు పారబోసిందని తర్వాత తెలిసింది.

నీ కాగితం పట్టుకుని అనంతపురం పోయాం. డాక్టరమ్మ నీ పెద్ద అక్షరాలు చూసి, "ఇది ఎవరు రాసిచ్చారు?" అని అడిగింది. రక్తం పరీక్షలో ఉన్నట్టే తేలింది. ఆరు వారాలు మాత్రలు మింగాలి. బిడ్డ గుండె చప్పుడు వినిపించింది నాకు. గుర్రం పోయినట్టు ఉంది. మందు కొంచెం ఆలస్యమైందని, పుట్టేదాకా చెప్పలేమని కూడా అంది.

మీ అవ్వకు లేదు. ఆమె ఎప్పుడూ పాలు పొంగించే తాగుతుంది. కలెక్టరాఫీసు పక్క నుంచి బస్టాండుకు నడుస్తూ ఆమె ఒక్కసారి ఆగిపోయింది.

"నా చేత్తో నేనే పట్టుకొచ్చినా దాన్ని. ఏరి ఏరి తెచ్చినా" అంది.

ఓదార్చాలనిపించింది. రాత్రి పడుకుంటే మళ్లీ అదే ఆలోచన: జబ్బుదని తెలిసే తెచ్చిందేమో? తెల్లారితే సిగ్గేస్తుంది. అనుమానం కూడా ఆ జ్వరం లాంటిదే సరళా, పొద్దుగూకితే వస్తుంది. పశువుల డాక్టరు వచ్చి జబ్బు మేకలను వేరు చేయించాడు. మంద సగమైంది.

కంపెనీ మనిషి మళ్లీ కనపడలేదు. తీపాకు చేన్లోనే ముదిరి పూతకొచ్చింది.

భారతి

&nbsp;

గుమ్మఘట్ట,
6 డిసెంబరు 2005

సరళా,

ఆడపిల్ల. అనుకున్నదానికంటే ముందే వచ్చింది. చిన్నది, బొంత చుడితే కనపడదు. పుట్టగానే ఏడవలేదు. ఆ కాసేపు నా ప్రాణం నాలో లేదు. తర్వాత ఏడ్చింది చూడు, కాన్పుల వార్డు బయట ఉన్న మీ చిన్నాయనకు వినపడింది. రక్తం తీసి చూశారు, దానికి ఆ జబ్బు లేదట. ఇంకోసారి కూడా చూస్తామన్నారు.

నాకు షుగర్ ఇంకా కొంచెం ఉంది. నిన్న మీ అవ్వ కొంగు ముడి విప్పి ఎండిన తీపాకు చూపించింది. కాఫీలో వేయలేదు. నా ఎదురుగా కూర్చుని, "సరళను అడుగు. పాలిచ్చేటోళ్లు తాగొచ్చునేమో అడుగు. అదేమంటే అదే" అంది. నీ జవాబు వచ్చేదాకా ఆ ఆకును గూట్లో పెట్టింది.

పుస్తకంలో ఉన్నదంతా రాయొద్దు. తాగాలా వద్దా, అది చాలు.

చిన్నమ్మ

&nbsp;

హైదరాబాదు,
15 డిసెంబరు 2005

చిన్నమ్మా,

పాప ఏడుపు గురించి రాసిన చోట నేనూ ఏడ్చాను. దానికి పేరు వెతికే పని నాకే ఇవ్వండి.

నా సెమినార్ పోయిన వారం అయిపోయింది. బోర్డు మీద లెక్కలన్నీ చక్కగా వేశాను. చివర మేడం, "అయితే ఈ ఆకు మంచిదా, చెడ్డదా?" అని అడిగింది. నా దగ్గర ఎన్నో మంచి మాటలు సిద్ధంగా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ పనికిరాలేదు, 'తెలియదు' అన్నాను.

నీకూ అదే చెబుతున్నాను. శుద్ధి చేసిన పొడి మీద పరీక్షలు జరిగాయి, ఇప్పటిదాకా పెద్ద కీడు కనపడలేదు. మన మిద్దె మీద ఎండబెట్టి గుప్పెడు వేసి మరగబెట్టిన ఆకును, పాలిచ్చే తల్లికి ఇచ్చి చూసిన వాళ్ల గురించి నాకు ఒక్క పేజీ కూడా దొరకలేదు. చెడ్డదని కాదు. తెలియదు. ఇంత చిన్న పిల్ల తాగే పాలలోకి తెలియనిది పోవద్దు. కాబట్టి తాగకు.

ఇది అవ్వ చేతిని అనుమానించి రాసింది కాదని ఆమెకు చదివి వినిపించు.

సరళ

&nbsp;

గుమ్మఘట్ట,
2 జనవరి 2006

సరళా,

చదివి వినిపించాను. చివరి వాక్యం రెండుసార్లు చదవమంది. చదివాను.

"తెలీదని చెప్పేకి ఇన్నేండ్లు చదవల్లనా? నన్ను అడిగింటే నేనే చెప్తాంటి" అని నవ్వింది. లేచి గూట్లో ఆకు తీసి పెరట్లో పారబోసింది. తర్వాత చక్కెర లేని కాఫీ రెండు గ్లాసులు తెచ్చింది. తనది కూడా చేదుదే. మొహం చిట్లించుకుంటూ ఇద్దరం తాగాం. పాలు పొంగించానని నేను అడగకుండానే చెప్పింది.

ఇంకో పిల్లను చూడమని అప్పట్లో కబురు పంపిన సంగతి నేను ఎత్తాను. మొదటిసారి ఎత్తాను. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"పంపినా. తప్పని ఇప్పుడంటాండా. అప్పుడు అనలేదు" అంది.

నాకు పూర్తిగా తీరిందా అంటే లేదు. మళ్లీ ఏదో ఒక పొద్దుగూకే వేళ ఆ అనుమానం రావచ్చు. వస్తే నీకు రాస్తాను, నువ్వు ప్రశ్నలు అడుగు.

పాప ఇప్పుడు వేలు పట్టుకుంటే వదలడం లేదు. దాన్ని పక్కన పెట్టుకుని ఉత్తరం రాయడం కుదరక, ఇదిగో, మీ అవ్వ ఒళ్లో పడుకోబెట్టి వచ్చాను. తలుపు వేసుకుని రాస్తున్నాను. లేచి చూడాలని అనిపించలేదు.

మీ చిన్నమ్మ
భారతి